ఆవిరి లోపలా, బయటా?

వానాకాలంలో కారు ముందు అద్దానికి ఆవిరి పడితే ఏం చేయాలో చెప్పేవాళ్లకు హైదరాబాద్‌లో కొదవ లేదు. ఏసీ పెంచమనేది ఒకరు, కట్టేయమనేది ఒకరు. హీటర్ వేయమని ఇంకొకరు. కిటికీ రెండు వేళ్ల మేర దించితే సరిపోయేదానికి ఇంత హడావిడి ఎందుకని వెనక సీటులోంచి మరొకరు. నలుగురు ఎక్కితే నాలుగు వైద్యాలు. విచిత్రం ఏమిటంటే నాలుగూ సరైనవే. కాకపోతే నాలుగూ వేర్వేరు సందర్భాలకు సరైనవి. తప్పు సందర్భంలో వాడితే అదే సలహా మసకను రెట్టింపు చేస్తుంది.

అందుకే నా వాదన మొదటే చెప్పేస్తాను. అద్దం మసకబారగానే మీటల మీదికి చెయ్యి పోకూడదు. తేమ అద్దానికి లోపలి పక్కన పట్టిందా, బయటి పక్కన పట్టిందా అన్నది ముందు తేల్చుకోవాలి. దానికి పెద్ద విద్య అక్కర్లేదు. వైపర్ ఒక్కసారి తిప్పండి. మసక తుడుచుకుపోతే అది బయటిది, అలాగే ఉండిపోతే లోపలిది. ఈ రెండింటికీ చేయాల్సిన పనులు దాదాపు ఒకదానికొకటి ఎదురు. ఇంత చిన్న ప్రశ్నను డ్రైవింగ్ నేర్పేవాళ్లు ఎందుకు నేర్పరో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. ఎనిమిది అంకె ఆకారంలో బండి తిప్పడం నేర్పుతారు, వెనక్కి నడపడం నేర్పుతారు. ముందు ఏమీ కనిపించనప్పుడు ఏం చేయాలో మాత్రం నేర్పరు.

కారణం తెలిస్తే మందు దానంతట అదే తోస్తుంది కాబట్టి కాస్త లెక్క. గాలి ఎంత వెచ్చగా ఉంటే అంత ఎక్కువ నీటి ఆవిరిని మోయగలదు. 30 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలిలో సుమారు 30 గ్రాముల ఆవిరి ఇముడుతుంది. 20 డిగ్రీలకు దిగితే 17 గ్రాములే, 10 డిగ్రీలకు దిగితే 9 గ్రాములకు కాస్త ఎక్కువ. గాలి చల్లబడుతూ పోతే ఒక దశలో ఇమడని ఆవిరి నీరై బయటపడక తప్పదు. ఆ ఉష్ణోగ్రతనే డ్యూ పాయింట్ అంటారు. అద్దం దానికంటే చల్లగా ఉంటే, ఏ పక్క గాలి దాన్ని తాకుతోందో ఆ పక్క తేమ పడుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ల సీసాకు బయట చెమట పట్టినట్టే.

ఇక మన ఊరి అంకెలు. జులై, ఆగస్టు సాయంత్రాల్లో వాన వెలిసిన కాసేపటికి హైదరాబాద్‌లో 27 డిగ్రీల ఉష్ణోగ్రత, 80 శాతం తేమ ఉండడం మామూలే. ఆ గాలికి డ్యూ పాయింట్ సుమారు 23 డిగ్రీలు. అంటే బయట 23 డిగ్రీలకు దిగువన ఉన్న ఏ వస్తువుకైనా నీరు పడుతుంది. ఇప్పుడు మన కార్లలో ఏసీ ఎంత మీద ఉంటుందో గుర్తు చేసుకోండి. మే నెల ఎండల్లో ఉష్ణోగ్రత మీటను కిందికి తిప్పుతూ తిప్పుతూ తెర మీద ‘ఎల్‌ఓ’ (లో, అంటే అన్నిటికంటే చల్లన) అని వెలిగేదాకా తెచ్చి వదిలేసినవాళ్లు దాన్ని మళ్లీ ముట్టుకోరు. జూన్ వచ్చినా, రుతుపవనాలు వచ్చినా అది అక్కడే. లోపల చలికి చేతులు ముడుచుకు కూర్చుంటారే తప్ప మీట తిప్పరు. ఆ చల్లగాలి అద్దానికి తగులుతూ తగులుతూ దాన్ని 20 డిగ్రీలకో, అంతకంటే కిందికో దింపుతుంది. ఇక బయటి గాలిలోని తేమ వచ్చి అద్దం మీద కూర్చోవడానికి ఏం అడ్డం?

ట్రాఫిక్‌లో ఇది మరింత త్వరగా జరుగుతుంది. బండి వేగంగా పోతున్నప్పుడు బయటి గాలి తాకిడికి అద్దం కొంత వెచ్చబడుతుంది. బయోడైవర్సిటీ కూడలి దగ్గరో, మెహిదీపట్నంలోనో అంగుళం అంగుళం కదులుతుంటే ఆ సాయం ఉండదు, లోపలి చలి ఒక్కటే పనిచేస్తుంది. పక్క అద్దాల సంగతీ ఇదే. డ్యాష్‌బోర్డు చివర్లలోని గాలి కంతలు చాలామంది కార్లలో కిటికీ అద్దం వైపు తిరిగి ఉంటాయి. ఆ చల్లగాలి తగిలిన చోట, సరిగ్గా పక్క మిర్రర్‌ను చూసే చోట, బయట గుండ్రంగా మసక పడుతుంది. ఎడమ పక్కనుంచి దూసుకొచ్చే బైకు కనిపించాల్సింది ఆ జాగాలోనే. గాలి కంతను మనవైపు తిప్పుకుని, ఆ కిటికీని ఒకసారి దించి ఎత్తితే రబ్బరుకు తుడుచుకుని పోతుంది. అర నిమిషం పని.

బయటి మసకకు ఇంతే వైద్యం: వైపర్ తిప్పడం, ఉష్ణోగ్రతను 25కో 26కో పెంచడం, గాలిని అద్దం మీదికి కాకుండా ముఖం వైపు, కాళ్ల వైపు మళ్లించడం. ఏసీ కట్టేయమనే సలహా ఇక్కడ నుంచి పుట్టింది. కట్టేస్తే బయటి మసక పోయే మాట నిజం. కాని కట్టేసిన కొద్దిసేపటికే లోపలి మసక మొదలవుతుంది. దానికీ ఒక కారణం ఉంది, చెబుతాను.

లోపలి మసకకు మూలం మనుషులు. ఊపిరి ద్వారా, చర్మం ద్వారా మనకు తెలియకుండానే ఒక మనిషి ఒంట్లోంచి రోజుకు సుమారు 800 మిల్లీలీటర్ల నీరు ఆవిరైపోతుందని వైద్య పాఠ్యపుస్తకాలు చెబుతాయి. గంటకు 30 మిల్లీలీటర్ల పైమాటే. నలుగురు కూర్చున్న కారులో గంట తిరిగేసరికి అర గ్లాసు నీరు గాలిలో కలుస్తుంది. మామూలు కారు లోపలి గాలి మొత్తం మూడు ఘనపు మీటర్లకు అటూ ఇటూ. పైన చెప్పిన 30 గ్రాముల లెక్క ప్రకారం చూస్తే ఆ డబ్బాలో ఇమిడే ఆవిరే 90 గ్రాములు. ఇంకా దీనికి తడిసిన గొడుగు, తడిసిన చెప్పులు, నానిన ఫ్లోర్ మ్యాట్లు, వెనక సీటులో పిల్లల రెయిన్‌కోట్లు కలపండి. బయట వానకు అద్దం చల్లబడి ఉంటుంది. లోపలి తేమ ఇంకెక్కడికి పోతుంది?

దీనికి తోడు గాలి లోపలే తిరిగే మీట. కారు బొమ్మలో గుండ్రంగా మెలితిరిగిన బాణం ఉంటుందే, అది. హైదరాబాద్‌లో చాలా కార్లలో ఆ దీపం ఏడాది పొడుగునా వెలుగుతూనే ఉంటుంది. వాళ్లను తప్పుపట్టడం నాకు చేతకాదు. ముందు ఒక సిమెంటు మిక్సర్ లారీ, పక్కన నల్లపొగ వదిలే డీజిల్ బండి, మూసీ వంతెన దాటుతుంటే ఆ వాసన. బయటి గాలి కావాలని ఎవరు కోరుకుంటారు? వేసవిలో అయితే ఆ మీట వల్ల చల్లదనం త్వరగా వస్తుంది కూడా. కాని అదే మీట, ఏసీ లేకుండా, వానలో నలుగురితో వెళుతున్నప్పుడు, మనం వదిలిన ఊపిరినే మనకు తిరిగి తెచ్చి పెడుతుంది. తేమ పోయే దారి ఉండదు. కార్బన్ డయాక్సైడ్ పేరుకుని కళ్లు మూతలు పడడం అదనం. లోపలి మసక కనిపించిన మరుక్షణం తీసేయాల్సింది ఆ బాణాన్ని.

తర్వాత ఏసీ వేయాలి. వేడి తగ్గించేందుకు కాదు, గాలిని ఆరబెట్టేందుకు. ఏసీలోని కూలింగ్ కాయిల్ నాలుగైదు డిగ్రీల చల్లదనంలో ఉంటుంది. దాని గుండా పోయే గాలిలోని ఆవిరి అక్కడే నీరై, గొట్టం ద్వారా బండి కిందికి కారిపోతుంది. ఆగిన కారు కింద కనిపించే నీటి మడుగు అదే. కాయిల్ దాటి వచ్చిన గాలిలో ఘనపు మీటరుకు ఏడు గ్రాముల చొప్పున మాత్రమే ఆవిరి మిగులుతుంది. ఇప్పుడు దాన్ని 26 డిగ్రీలకు వెచ్చబెడితే తేమ శాతం 30 లోపుకు దిగుతుంది. ఆ ఎండిన గాలి అద్దాన్ని తాకితే మసక చూస్తుండగా విచ్చుకుపోతుంది. ఏసీ, హీటర్ కలిసి పనిచేయడంలోని కిటుకంతా ఇదే.

మా బావగారికి ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా రుచించదు. తెల్లవారుజామున ఎవరినో శంషాబాద్‌లో దింపడానికి వెళ్లేటప్పుడు ముందు సీటు ఎప్పుడూ ఆయనదే. “ఒక చేత్తో చల్లబెట్టి ఇంకో చేత్తో వేడి చేయడం ఏమిటి? పెట్రోలు దండగ” అంటారు. “హీటర్‌కు పెట్రోలు కాలదు బావగారూ, ఇంజన్ వేడి ఎలాగూ వృథాగా పోయేదే, దాన్ని ఇటు తిప్పుతున్నాం” అని నేను. “మరి ఏసీకి?” అని ఆయన. ఏసీకి కాలుతుంది, నిజమే. కాని అవుటర్ రింగ్ రోడ్డు మీద గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతున్న బండి సెకనుకు దాదాపు 28 మీటర్లు ముందుకు పోతుంది. అద్దం మీద రుమాలుతో అయిదు సెకన్లు తుడిచే లోపు 140 మీటర్లు. ఆ దూరం గుడ్డిగా పోవడానికి ఏ మైలేజీ లెక్క సరిపోతుందో ఆయనే చెప్పాలి. ఆయన చెప్పరు. కిటికీ దించుతారు. లోపలికి చలిగాలి, దానితోపాటు ఉన్నట్టుండి విచ్చుకున్న అద్దం, ఆయన ముఖంలో ఒక విజయ గర్వం.

కిటికీ దించడం తప్పు కాదు. లోపలి తేమ గాలి బయటికి పోయి, తక్కువ తేమ ఉన్న గాలి వస్తే అద్దం తేటపడుతుంది. డిసెంబరు, జనవరిల్లో చలి బాగా పెరిగిన తెల్లవారుజాముల్లో నగరంలో 12 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది, పటాన్‌చెరు, రాజేంద్రనగర్ వైపు ఇంకా తక్కువ. చలిగాలిలో ఆవిరి తక్కువ కాబట్టి అప్పుడు కిటికీ వైద్యం భేషుగ్గా పనిచేస్తుంది. అదే కిటికీ వైద్యం ఆగస్టు వానలో చేస్తే వచ్చేది లోపలున్నదానికి ఏమాత్రం తీసిపోని తేమ గాలే, పైగా జల్లు. అందుకే మా బావగారు చలికాలంలో ఋషి, వానాకాలంలో మామూలు మనిషి.

ఏసీ కట్టేస్తే ఏమవుతుందో చెబుతానన్నాను. పని ఆపిన కూలింగ్ కాయిల్ ఒంటినిండా నీటితో తడిసి ఉంటుంది. ఏసీ మీట ఆపి బ్లోయర్‌ను తిరగనిస్తే, కాయిల్ వెచ్చబడుతూ ఆ నీరు ఆవిరై గాలితోపాటు లోపలికి, నేరుగా అద్దం మీదికి వస్తుంది. ఇల్లు దగ్గరపడిందని, పెట్రోలు కలిసొస్తుందని చివరి రెండు కిలోమీటర్లలో ఏసీ ఆపేవాళ్లకు ఉన్నట్టుండి తెల్లటి తెర దిగేది ఇందుకే. వానలో ఏసీ ఆపుతూ వేస్తూ ఉండడం కంటే ఒకే తీరుగా వెచ్చగా నడపడం మేలు.

ఇప్పుడు ఖరీదైన కార్ల సంగతి. “మాది ఆటోమేటిక్ క్లైమేట్ కంట్రోల్, అదే చూసుకుంటుంది” అనేవాళ్లు తగులుతుంటారు. ఉష్ణోగ్రత ఒకసారి చెప్పి వదిలేస్తే తనంతట తాను సర్దుకునే ఏర్పాటు 1964 మోడల్ క్యాడిలాక్ కార్లలో వచ్చింది. ఇప్పుడు మధ్యతరగతి కార్లలోకీ దిగింది. కాని అది చూసేది ఏమిటి? లోపలి ఉష్ణోగ్రత, బయటి ఉష్ణోగ్రత, మంచి కార్లలో అదనంగా ఎండ తీవ్రత. అద్దం దగ్గరి తేమను కొలిచే సెన్సర్, వెనక్కి చూసే మిర్రర్ కాండం దగ్గర ఉండేది, కొన్ని పై శ్రేణి కార్లకే ఉంటుంది. మిగతా అన్నింట్లో ఆ యంత్రానికి వేడి తెలుసు, తేమ తెలియదు. మనకు ఏడాదిలో నాలుగు నెలలు కష్టమంతా తేమతోనే. 24 డిగ్రీలు వచ్చిందని అది సంతృప్తిగా బ్లోయర్‌ను నిదానిస్తుంది, ఆ క్షణంలోనే అద్దం మసకబారుతుంటుంది. యంత్రం తన లెక్కలో పాస్, మనకు దారి కనిపించదు.

అలాగని ఆటో మీటను నేను తీసిపారేయను. 24, 25 మీద పెట్టి ఆటోలో వదిలితే ఎల్‌ఓ జాడ్యం అయినా వదులుతుంది, బయటి మసక సగానికి సగం తగ్గుతుంది. ఆ మాత్రం ఉష్ణోగ్రత మన ఊరికి చాలు. నా ఫిర్యాదు డబ్బు పోసి ఆ వ్యవస్థను కొనుక్కుని, రోజంతా దాన్ని మొండిగా అడుగుకు తిప్పి పెట్టుకునే అలవాటు మీద.

ముందు అద్దం బొమ్మలో మూడు వంకర బాణాలున్న మీట గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఎక్కువ కార్లలో దాన్ని నొక్కగానే నాలుగు పనులు జరుగుతాయి: గాలి అద్దం మీదికి మళ్లుతుంది, బ్లోయర్ వేగం పెరుగుతుంది, ఏసీని నడిపే కంప్రెసర్ మొదలవుతుంది, బయటి గాలి తలుపు తెరుచుకుంటుంది. అన్నీ మంచివే. కాని చాలా కార్లలో ఉష్ణోగ్రత మనం పెట్టిన చోటే ఉండిపోతుంది. అది ఎల్‌ఓ మీద ఉంటే, మంచులాంటి గాలి మహా వేగంగా అద్దాన్ని కొడుతుంది. లోపలి మసక క్షణాల్లో పోతుంది, ఎందుకంటే ఆ గాలి పొడిది. ఇంకాసేపటికి అద్దం చల్లబడి బయటి మసక మొదలవుతుంది. డ్రైవరు మీట పాడైందనుకుని ఇంకా గట్టిగా నొక్కుతాడు. మీట నొక్కిన చేత్తోనే ఉష్ణోగ్రతను 27కో 28కో పెంచితే లోపలా బయటా రెండు బెడదలూ తీరతాయి. ఈ ఒక్క వాక్యం కారుతో ఇచ్చే పుస్తకంలో ఎక్కడో ఉండే ఉంటుంది. ఆ పుస్తకం గ్లౌబాక్సులో ప్లాస్టిక్ సంచీ విప్పకుండా ఉంటుంది.

సలహాల్లో ఇంత గందరగోళం ఎందుకంటే, వాటిలో సగం మన వాతావరణానికి పుట్టినవి కావు. చలిదేశాల్లో మసక ఎక్కువగా లోపలిదే, పైగా అద్దం మీద మంచు గడ్డకడుతుంది. అమెరికాలో ముందు అద్దాన్ని తేటపరిచే ఏర్పాటు కార్లకు ఉండి తీరాలన్న ప్రమాణం 1968 నుంచే ఉంది. బయట గడ్డకట్టే చలి ఉన్నప్పుడు చాలా కార్లలో ఏసీ కంప్రెసర్ పనిచేయదు, కాయిల్ మీద నీరు గడ్డకట్టకుండా ఆగిపోతుంది. అందుకే వాళ్ల భారమంతా హీటర్ మీద. హైదరాబాద్‌లో కంప్రెసర్ పనిచేయనంత చలి రానే రాదు. ఆరబెట్టే యంత్రం మనకు ఏడాది పొడుగునా చేతిలో ఉంది. అక్కడి వీడియో చూసి ఇక్కడ ఆగస్టులో హీటర్ వేసుకుని ఉడికిపోవాల్సిన పని లేదు.

అద్దం శుభ్రత గురించి చెప్పకపోతే ఈ వాదన సగమే. మురికి అద్దానికి తేమ త్వరగా పడుతుంది, పట్టింది త్వరగా పోదు. లోపలి పక్క కనిపించని జిడ్డు పొర ఒకటి ఉంటుంది. కొంత ఎండకు వేడెక్కిన ప్లాస్టిక్ వదిలే ఆవిరి, కొంత డ్యాష్‌బోర్డుకు పూసే మెరుగు ద్రవం, కొంత మన చేతులు. ఇంకా కొంత భక్తి. వెంకన్న ముందు రోజూ వెలిగే అగరుబత్తి పొగ నేరుగా పోయి అంటుకునేది ఆ అద్దానికే. దేవుడి మీద నాకు పేచీ లేదు, బండి నిలిపి, తలుపులు తీసి వెలిగించుకోవచ్చు. ఇక అద్దం మొదట్లో, డ్యాష్‌బోర్డు అంచున ఉండే సన్నటి పొడవాటి సందులు చాలామంది కంటికే ఆనవు. మసకను తీసే గాలి వచ్చేది ఆ సందుల్లోంచే. వాటి మీద మఖమల్ గుడ్డ, దాని మీద విగ్రహం, పక్కన టిష్యూ డబ్బా, పార్కింగ్ రసీదులు. ఇన్ని అడ్డంకులు దాటి గాలి అద్దాన్ని చేరాలి!

చేత్తో తుడవడం అన్నింటికంటే చెడ్డ అలవాటు. జిడ్డు గీతలు మిగిలి, ఎదుటి బండి హెడ్‌లైటు వెలుగులో అవే మెరుస్తాయి. శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డ ఒకటి తలుపు అరలో పడేసుకుంటే చాలు. షాంపూ, షేవింగ్ నురుగు పూసి తుడిచే చిట్కా కొద్దికాలం పనిచేస్తుంది, నీరు బొట్లుగా కాకుండా పల్చటి పొరగా పరుచుకునేలా చేస్తుంది కాబట్టి. ఎక్కువైతే అదే ఒక మసక. వెనకటి లారీ డ్రైవర్లు పొగాకో, బంగాళాదుంప ముక్కో రుద్దేవారు. అది బయట వాన నీటికి చేసిన ఉపాయం, లోపలి ఆవిరికి పనికిరాదు.

అద్దాల విషయంలో చట్టం కఠినంగానే ఉంది. ముందు, వెనక అద్దాల గుండా కనీసం 70 శాతం వెలుతురు, పక్క అద్దాల గుండా 50 శాతం పోవాలి. 2012లో సుప్రీంకోర్టు నల్ల ఫిల్ములను తీయించింది, కూడళ్లలో పోలీసులు పీకి పారేశారు. ఆవిరి పట్టిన వెనక అద్దం గుండా మాత్రం ఎంత వెలుతురు పోతోందో ఎవరికీ పట్టదు. వెనక అద్దంలో సన్నటి తీగలు వేడెక్కి తేమను తరిమే డీఫాగర్ పెద్ద ఖరీదైన వస్తువేమీ కాదు. అయినా చాలా మోడళ్లలో అడుగు వేరియంట్లకు అది ఉండదు. కొనేవాళ్లూ దాన్ని అడగరు, సన్‌రూఫ్ ఉందా అని అడుగుతారు. ఏడాదిలో ఎనిమిది నెలలు నెత్తిన ఎండ కాసే ఊళ్లో పైకప్పుకు కంత కావాలి, వానలో వెనక ఎవరొస్తున్నారో కనిపించడం అక్కర్లేదు.

క్యాబ్ డ్రైవర్ల మాట వేరు. వాళ్లకు ఈ లెక్క నా కంటే బాగా తెలుసు, డబ్బు రూపంలో. 2024 వేసవిలో కిలోమీటరుకు వచ్చేది గిట్టుబాటు కావడం లేదని నగరంలో క్యాబ్ డ్రైవర్లు ఏసీ వేయబోమని ఉద్యమమే నడిపారు. వానలో అద్దాలన్నీ ఎత్తి, ఏసీ కట్టేసి, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా గుడ్డతో తుడిచే డ్రైవరును చూస్తే చిరాకు పడాల్సిన పని లేదు. “అన్నా, ఏసీ వేసి 26 మీద పెట్టండి, అదనంగా ఏమైనా అయితే నేనిస్తాను” అంటే కాదన్నవాళ్లు నాకు తగల్లేదు. వానాకాలంలో ఏసీ ఖర్చు చలువకు కాదు, చూపుకు. ఆ ఖర్చు చార్జీలో ఉండాలి. డ్రైవరు జేబులోంచి పోకూడదు.

మా బావగారు ఈ మధ్య విద్యుత్ కారు కొన్నారు. పెట్రోలు దండగ అన్న వాదన ఆయనకు పోయింది గానీ, నా వాదనలోనూ ఒక ముక్క పోయింది. అందులో ఉచితంగా దొరికే ఇంజన్ వేడి లేదు. గాలిని ఆరబెట్టడానికీ, వెచ్చబెట్టడానికీ రెండింటికీ బ్యాటరీయే దిక్కు. బయటి గాలిలోని వేడిని లోపలికి లాగే హీట్ పంపు ఉన్న మోడళ్లలో కొంత నయం, మామూలు హీటర్ తీగ అయితే చార్జింగ్ గబగబా తగ్గుతుంది. అయితే డిసెంబరు చలిలో తప్ప హైదరాబాద్‌లో వెచ్చబెట్టాల్సింది కొద్దిపాటే. బయట 25, 26 డిగ్రీలున్న వానలో ఏసీని 26 మీద పెడితే హీటర్‌కు పెద్దగా పని ఉండదు. పైగా ఆ కార్లలో ఇంటి దగ్గర చార్జరుకు తగిలించి ఉండగానే ఏసీని ఫోను నుంచి మొదలుపెట్టే వీలు చాలావాటికి ఉంది. బయల్దేరేలోపే లోపలి గాలి ఆరిపోతుంది, ఖర్చు ఇంటి మీటరు మీద పడుతుంది. ఈ సంగతి ఆయనకు చెప్పాను. యాప్ ఎక్కించుకున్నారు. ఉష్ణోగ్రత మాత్రం 18 మీద పెట్టారు.